చదరంగం బల్ల వదిలిన గ్రాండ్‌మాస్టరు

ఈ సంచికలో ఇంతవరకు మన పెద్దల చరిత్రే రాస్తూ వచ్చాను. ఓడల పేర్లు, చెరకు తోటల పేర్లు, మొదటి భజన మందిరం, మొదటి తెలుగు బడి. ఈసారి సంపాదకవర్గం వారు వ్యాసం అడిగినప్పుడు, మనవాడు కాని ఒక మనిషి చరిత్ర రాస్తానన్నాను. వారు కొంచెం ఆశ్చర్యపడి, సరేనన్నారు. నాది సాయంత్రం తరగతుల్లో నేర్చుకున్న తెలుగు. ఒత్తు తప్పినా, వాక్యం కుంటినా పాఠకులు మన్నించాలి.

కారణం చెబుతాను. పోయిన ఉగాది సభ ముగిశాక హాలులో కుర్చీలు మడత పెడుతుంటే ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పిల్లవాడికి పదిహేనేళ్ళు. నేను బడిలో లెక్కలు చెప్పే రోజుల్లో శుక్రవారం సాయంత్రాలు పిల్లలచేత చదరంగం ఆడించేదాన్ని. రిటైరయ్యాక ఆ పెట్టెలు, గడియారాలు మన హాలుకే తెచ్చుకున్నాను. ఈ అబ్బాయి అక్కడే ఆట మొదలుపెట్టి, రెండేళ్ళలో నన్ను దాటిపోయి, ఇప్పుడు రాష్ట్రంలో పేరున్న ఆటగాళ్ళతో ఆడుతున్నాడు. "టీచరమ్మగారూ, వీడు బడి ఒక ఏడాది మానేసి యూరపు వెళ్ళి పోటీలు ఆడతానంటున్నాడు. మీ మాటైతే వింటాడు. కాస్త బుద్ధి చెప్పండి" అన్నాడు తండ్రి. పిల్లవాడు తల వంచుకునే, "ఆంటీ, రోగాఫ్ మానలేదా?" అన్నాడు.

తండ్రికి ఆ పేరు తెలియదు. నాకు తెలుసు గాని, డాలరు మారకపు రేట్ల గురించి రాసిన ప్రొఫెసరుగానే తెలుసు. చదరంగం సంగతి సరిగా తెలియదు. ఆ పూట ఏదో నాలుగు మాటలు చెప్పి తప్పించుకున్నాను. తరువాత సిగ్గేసింది. ఏడాది పాటు దొరికినవి చదివి ఇది రాస్తున్నాను.

కెన్నెత్ రోగాఫ్ 1953 మార్చి 22న న్యూయార్కు రాష్ట్రంలోని రాచెస్టరు పట్టణంలో పుట్టారు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వైద్యశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. ఆరేళ్ళ వయసులో తండ్రే ఎత్తులు నేర్పారు. అప్పుడది ఇంటి ఆటే. పదమూడవ పుట్టినరోజుకు ఎవరో ఒక చదరంగం పెట్టె బహుమతిగా ఇచ్చారు. అక్కడినుండి పట్టుకుంది. ఒక్క ఏడాదిలో, అంటే పద్నాలుగేళ్ళకు, దేశ చదరంగ సమాఖ్య లెక్కలో మాస్టరు స్థాయికి వచ్చి న్యూయార్కు రాష్ట్ర బహిరంగ పోటీ గెలిచారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. చురుకైన పిల్లలను చాలామందిని చూశాను. ఒక్క ఏడాదిలో అంత దూరం నడిచినవాణ్ణి చూడలేదు.

1969లో పదహారేళ్ళ వయసులో అమెరికా జూనియర్ ఛాంపియను అయ్యారు. అదే వయసులో బడి మానేశారు. తరువాతి రెండు మూడేళ్ళు ఎక్కువ భాగం యూరపులో, అప్పటి యుగొస్లావియాలోని సారయేవో వంటి చోట్ల, పోటీలు ఆడుతూ గడిపారు. 1971 ప్రపంచ జూనియర్ పోటీలో మూడవ స్థానం వచ్చింది. కనుక మన అబ్బాయి చెప్పింది నిజమే, రోగాఫ్ బడి మానారు. కాని ఆ తరువాత జరిగింది అతడు చెప్పలేదు. పదహారేళ్ళకు బడి మానిన మనిషి పద్దెనిమిదేళ్ళకు మళ్ళీ చదువుకు పోవాలని ఎందుకు నిశ్చయించుకున్నట్టు? నా వ్యాసం అంతా ఈ రెండేళ్ళ చుట్టూ తిరుగుతుంది.

ఆ రోజుల్లో చదరంగం ఆడేవాడికి తిండి ఎవరు పెట్టేవారో ముందు చూడాలి. రష్యాలోనూ దాని పొత్తు దేశాలలోనూ మంచి ఆటగాడికి ప్రభుత్వమే జీతం ఇచ్చి, శిక్షకులను పెట్టేది. అమెరికాలో అలాంటిది లేదు. గెలిస్తే చిన్న బహుమతి, ఓడితే బస్సు ఖర్చు కూడా చేతినుండే. ఇది కొత్త కష్టం కాదు. మొదటి ప్రపంచ ఛాంపియను విల్హెల్మ్ స్టైనిట్జ్ 1900లో న్యూయార్కులో చేతిలో కాసు లేకుండా పోయారు. ఆయనను 1894లో ఓడించి 27 సంవత్సరాలు ఆ పదవిలో ఉన్న ఇమాన్యుయెల్ లాస్కర్ అసలైన గణితజ్ఞుడు. 1905లో ఆయన నిరూపించిన సిద్ధాంతం ఈనాటికీ బీజగణితం చదివే పై తరగతుల విద్యార్థులకు పాఠమే. స్టైనిట్జ్ గతి చూసినవాడు కనుక లాస్కర్ ఆటకు గట్టి రుసుము అడిగేవారు. డబ్బు మనిషని ఆయన్ని ఆడిపోసుకున్నవారున్నారు. ఆ డబ్బును మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ యుద్ధ బాండ్లలో పెట్టి అంతా పోగొట్టుకున్నారు. తరువాత హిట్లరు రావడంతో దేశమే వదిలి, మాస్కో మీదుగా అమెరికా చేరి, 1941లో న్యూయార్కులోనే కన్నుమూశారు. గణితం, చదరంగం, ధనం ఈ మూడూ ఒకే జీవితంలో కలిస్తే ఏమవుతుందో చూపే మొదటి కథ అది. మూడింటిలో ధనమే ఆయన మాట వినలేదు.

రోగాఫ్‌ను గణితజ్ఞుడని ఎవరూ రాయరు, అర్థశాస్త్రవేత్త అంటారు. కాని ఆయన పేపరు ఏది తెరిచినా సగం పేజీలు సమీకరణాలే. లాస్కర్ కథలోని మూడు పాయలూ మళ్ళీ కలిసింది ఈయన దగ్గరే కనుక ఆ వరుసలో పెడుతున్నాను.

ఆయన యూరపులో తిరుగుతున్న కాలంలోనే ధన ప్రపంచంలో పెద్ద మార్పు జరిగింది. అంతవరకు 35 డాలర్లకు ఒక ఔన్సు బంగారం అని, మిగతా దేశాల నాణేలు డాలరుకు ఇంత అని ఒక కట్టుబాటు ఉండేది. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ ఆ బంగారం కిటికీ మూసేశారు. 1973కల్లా పెద్ద దేశాల నాణేలు ఏ రోజుకారోజు ధర మారే స్థితికి వచ్చాయి. ఇక్కడ నా సొంత జ్ఞాపకం ఒకటి చెప్పాలి. మా తాతగారు విశాఖ ప్రాంతం నుండి గిర్మిట్ మీద ఫిజీ వెళ్ళినవారు. అక్కడ 1969లో పౌండ్లు, షిల్లింగులు పోయి డాలర్లు, సెంట్లు వచ్చాయి. ఒక షిల్లింగుకు పది సెంట్లు. నాకు తొమ్మిదేళ్ళు. తాత బజారునుండి వచ్చి కొత్త పది సెంట్ల బిళ్ళ నా అరచేతిలో పెట్టి, "ఇది నాకప్పుడు ఒక రోజు కూలే, బుల్లీ" అన్నాడు. ఒప్పందం కాగితంలో రోజుకు ఒక షిల్లింగు అనే ఉండేది. ఆ బిళ్ళతో నేను బఠాణీలు కొనుక్కున్నాను. డబ్బుకు తనంతట తనకు విలువ లేదు, ఎవరో కట్టిన మాటతోనే విలువ అని నాకు మొదట తెలిసింది ఆ రోజే. ఆ మాట ఎవరు కడతారు, ఎప్పుడు తప్పుతారు అన్నదే రోగాఫ్ జీవితమంతా చదివిన విషయం.

పద్దెనిమిదేళ్ళకు ఆయన యేల్ విశ్వవిద్యాలయం దారి పట్టారు. విధి ఆడే వేళాకోళం చూడండి. 1972లో ఐస్‌లండులో బాబీ ఫిషర్, బోరిస్ స్పాస్కీ పోటీ జరిగింది. జిమ్ స్లేటరు అనే ఇంగ్లీషు ధనవంతుడు తన జేబునుండి వేసిన సొమ్ముతో బహుమతి రెట్టింపై రెండున్నర లక్షల డాలర్లయింది. ఫిషర్ గెలవగానే అమెరికా అంతటా చదరంగం పిచ్చి పట్టింది. పెట్టెలు దుకాణాల్లో దొరకలేదంటారు. సరిగ్గా ఆ గాలి లేచే వేళకు ఈ కుర్రవాడు అర్థశాస్త్రం పుస్తకం తెరిచి కూర్చున్నాడు. అయితే ఆట పూర్తిగా మానలేదు. చదువుతూనే ఆడారు, ఆడుతూనే మెరుగుపడ్డారు.

ఆ కాలపు ఒక సంఘటన చదరంగం పిల్లలందరికీ ఇష్టం. 1972లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో విద్యార్థుల ప్రపంచ జట్ల పోటీ. రోగాఫ్ ఎదుట జర్మన్ ఆటగాడు రాబర్ట్ హ్యూబ్నర్. హ్యూబ్నర్ అప్పటికే అలసిపోయి ఉన్నాడు. మొదటి ఎత్తుకే డ్రా అనుకున్నారు. నిర్ణేతలు ఒప్పుకోలేదు, ఆడాల్సిందే అన్నారు. అప్పుడు ఇద్దరూ కూర్చుని పన్నెండు ఎత్తులు కావాలని పిచ్చిగా ఆడి మళ్ళీ డ్రా అన్నారు. చిన్నపిల్లలైనా ఆడని ఎత్తులవి. నిర్ణేతలకు కోపం వచ్చి, ఇద్దరూ క్షమాపణ చెప్పి కొత్తగా ఆడాలన్నారు. రోగాఫ్ క్షమాపణ చెప్పారు. హ్యూబ్నర్ చెప్పనన్నాడు. పాయింటు రోగాఫ్‌కు రాశారు. మా బడిలో ఈ కథ చెబితే పిల్లలు రెండుగా చీలిపోయేవారు. సగం మందికి హ్యూబ్నరే వీరుడు. నాకు మాత్రం రోగాఫ్ స్వభావం ఇక్కడే కనిపిస్తుంది. చిన్న విషయానికి పంతం పట్టి పెద్దది పోగొట్టుకునే మనిషి కాదు.

1975 ఆయనకు రెండు పండుగల ఏడాది. యేల్ పట్టా పెద్ద గౌరవాలతో వచ్చింది. అమెరికా ఛాంపియన్‌షిప్‌లో వాల్టర్ బ్రౌన్ మొదటి స్థానం, అర పాయింటు వెనుక రోగాఫ్ రెండవ స్థానం. దానివల్ల 1976లో స్విట్జర్లండులోని బియెల్ పట్టణంలో ఇంటర్‌జోనల్ ఆడే అర్హత వచ్చింది. తెలియనివారికి చెబుతాను. ప్రపంచ ఛాంపియను మీదికి పోటీకి వెళ్ళే ఎనిమిది మందిని తేల్చే మెట్లలో అది ముఖ్యమైన మెట్టు. బియెల్‌లో ఇరవై మంది ఆటగాళ్ళు. మాజీ ప్రపంచ ఛాంపియన్లు పెట్రోసియన్, తాల్, స్మిస్లోవ్ ముగ్గురూ అక్కడున్నారు. డెన్మార్కు ఆటగాడు లార్సెన్ మొదట వచ్చాడు. రోగాఫ్‌కు 13 నుండి 15 దాకా పంచుకున్న స్థానం. ఇరవై మూడేళ్ళ విద్యార్థికి అది అవమానం కాదు. అయినా తన పైన ఎంతమంది ఉన్నారో ఆ పట్టికలో స్పష్టంగా ఉంది. 1978లో ఆయనకు గ్రాండ్‌మాస్టరు బిరుదు ఇచ్చారు. అప్పటికి ఆయన ఎం.ఐ.టి.లో అర్థశాస్త్రం పరిశోధన చేస్తున్నారు. వచ్చిన బిరుదును వాడుకోవడానికి ఆయన ఆ ఇంట్లో లేరు.

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను. మన సభల్లో పిల్లలకు ఇచ్చే ఉపదేశం ఒకటే, పట్టు విడవద్దు అని. నేనూ ఆ మాట చాలాసార్లు మైకులో చెప్పాను. ఈయన జీవితం చదివాక ఆ మాట అంత ధీమాగా చెప్పలేకపోతున్నాను. ఓడిపోయి వదిలినవాడు కాదు, బాగా ఆడుతూ వదిలాడు. చదరంగం మత్తు మందులాంటిదని, కొంచెం కొంచెంగా ఆడటం తనవల్ల కాదని, అందుకే మానవలసి వచ్చిందని ఆయనే తరువాత చెప్పుకున్నారు. అంటే వదలడం సుఖంగా జరగలేదు.

ఎం.ఐ.టి.లో ఆయన గురువు రూడిగర్ డోర్న్‌బుష్. నాణేల ధరలు ఎందుకు అవసరానికి మించి ఎగిరి పడతాయో సమీకరణాలతో చూపినవారు. రోగాఫ్ 1980లో డాక్టరేటు పుచ్చుకుని ఫెడరల్ రిజర్వులో చేరారు. అక్కడ రిచర్డ్ మీస్ అనే సహచరుడితో కలిసి చేసిన పని 1983లో అచ్చయింది. అది మన ఇళ్ళకు నేరుగా సంబంధించిన పని, కాస్త ఓపికగా చదవండి.

మనలో ఇండియాకు డబ్బు పంపేవారు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "రూపాయి ఇంకా పడుతుందా? ఇప్పుడే పంపనా, వచ్చే నెల దాకా ఆగనా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలమని 1970ల అర్థశాస్త్రవేత్తలు నమ్మారు. వడ్డీ రేటు ఇంత, ఎగుమతి దిగుమతి ఇంత, చలామణీలో ఉన్న ధనం ఇంత అని లెక్క వేస్తే నాణెం ధర తేలుతుందని సూత్రాలు కట్టారు. మీస్, రోగాఫ్ ఆ సూత్రాలకు పరీక్ష పెట్టారు. డాలరుకు పౌండు, మార్కు, యెన్ ధరలు తీసుకుని, ఒక నెల నుండి ఏడాది దాకా ముందు చూపు ఎవరిది సరిగా వస్తుందో చూశారు. సూత్రాల ఎదుట పోటీకి నిలబెట్టింది ఒక సోమరి పద్ధతిని. "రేపటి ధర ఈరోజు ధరే" అనడం, అంతే. ఆ సోమరి పద్ధతిని ఏ సూత్రమూ గెలవలేకపోయింది. తరువాతి నెలల వడ్డీలు, ఎగుమతులు నిజంగా ఎంతో ముందే చెప్పేసినా గెలవలేకపోయింది. పరీక్ష పేపరు ముందే చేతికిచ్చినా విద్యార్థి తప్పాడన్నమాట! ఆ రంగంలో పెద్దలకు ఇది చెంపపెట్టు. కనుక రూపాయి ఎప్పుడు పంపాలని నన్నడిగేవారికి నా జవాబు, ఇంట్లో అవసరం ఉన్నప్పుడు పంపండి అనే.

రెండవ పెద్ద పని 1985లో వచ్చింది. ప్రభుత్వం ధరలు పెరగనివ్వనని మాట ఇస్తుంది. ఎన్నికలు దగ్గర పడితే నోట్లు కాస్త వదిలితే పనులు దొరుకుతాయి, జనం సంతోషిస్తారు అనే ఆశ పుడుతుంది. జనం అమాయకులు కారు, ఆ సంగతి ముందే ఊహించి కూలీ, ధరలు పెంచేసుకుంటారు. చివరికి ఉద్యోగాలూ రావు, ధరలూ తగ్గవు. దీనికి రోగాఫ్ చెప్పిన మందు ఏమంటే, ధరల పెరుగుదల అంటే సామాన్య జనం కన్న ఎక్కువ గిట్టని మనిషిని కేంద్ర బాంకు గద్దె మీద కూర్చోబెట్టడం. అయితే మరీ మొండివాడు పనికిరాడు. కరువో యుద్ధమో వచ్చినప్పుడు పట్టు కాస్త సడలించాలి. ఎంత గట్టిగా, ఎంత మెత్తగా అన్నదే ఆ పేపరులోని గణితం. చదరంగంలో తన చేతిని తానే కట్టేసుకోవడం కొన్నిసార్లు గెలుపు ఎత్తవుతుంది. ఎదుటివాడు దాన్ని నమ్మి తన ఎత్తు మార్చుకుంటాడు. ఈ పేపరులో ఆ ఆట వాసన నాకు కనిపిస్తుంది.

పాఠకులకు మనవారి ఉదాహరణ ఒకటి. కడప జిల్లానుండి వచ్చిన వై.వి. రెడ్డి గారు 2003 నుండి 2008 దాకా భారత రిజర్వు బాంకు గవర్నరు. భూములు, ఇళ్ళ ధరలు ఆకాశానికి లేస్తుంటే, వాటికిచ్చే అప్పుల మీద బాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని బిగించారు. అభివృద్ధికి అడ్డమని అప్పట్లో విసుక్కున్నవారు చాలామంది. 2008 సెప్టెంబరులో ఆయన దిగిపోయి, ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు ఆ కుర్చీలో కూర్చున్న పది రోజులకే న్యూయార్కులో లీమన్ బ్రదర్స్ కూలింది. రెడ్డి గారు ముందే బిగించిన పగ్గం విలువ అప్పుడు లోకానికి తెలిసింది. ఆయన రోగాఫ్ పేపరు చూసి ఆ పని చేశారని నేననడం లేదు. అటువంటి మనిషి ఎందుకు కావాలో ఆ పేపరులో ఉందంటున్నాను.

బర్కిలీ, ప్రిన్స్‌టన్, 1999లో హార్వర్డు. 2001 నుండి 2003 దాకా అంతర్జాతీయ ద్రవ్యనిధికి ప్రధాన అర్థశాస్త్రవేత్త. ఆయన తరువాత ఆ పదవిలోకి వచ్చినవారు మన రఘురామ్ రాజన్. ఈ పదవుల సంగతి ఎక్కువ రాయను. జాబితా ఎవరైనా రాయగలరు.

2009లో కార్మెన్ రైన్‌హార్ట్ గారితో కలిసి రాసిన పుస్తకం ఆయన్ని సామాన్య పాఠకులకు తెలియజేసింది. 66 దేశాలు, ఎనిమిది శతాబ్దాల అప్పులు, బాంకు పతనాలు. ప్రతిసారీ జనం "ఈసారి వేరు" అనుకుంటారు, ప్రతిసారీ అదే జరుగుతుంది. చరిత్రను ఓపికగా పట్టికలుగా కూర్చిన పుస్తకం అది. చరిత్ర రాసేవాళ్ళం అంత శ్రమ పడితే ఎంత బాగుండునని నాకు అనిపించింది.

తరువాత వచ్చినదే ఆయన జీవితంలో చేదు ఘట్టం. లెక్కల టీచరును కనుక దీన్ని వదిలిపెట్టలేను. 2010లో ఇద్దరూ ఒక చిన్న పేపరు వేశారు. దేశం అప్పు ఆ దేశపు ఏడాది ఉత్పత్తిలో 90 శాతం దాటితే అభివృద్ధి బాగా పడిపోతుందని అందులో చూపారు. సంపన్న దేశాల సగటు, సున్నా కన్న 0.1 శాతం తక్కువ. అప్పుడు యూరపులోనూ అమెరికాలోనూ ప్రభుత్వ ఖర్చు కోయాలా వద్దా అని పెద్ద వాదం నడుస్తోంది. కోయాలన్న నాయకులు ఈ అంకెను జెండాలా పట్టుకున్నారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, తరగతిలో ఇచ్చిన పని కోసం ఆ లెక్కను మళ్ళీ చేయబోయాడు. అంకె రాలేదు. ఎన్నిసార్లు చేసినా రాలేదు. చివరికి రచయితలనే అడిగితే వారు తమ ఎక్సెల్ ఫైలు పంపారు. అందులో సగటు తీసే గడిలో ఇరవై దేశాలకు బదులు పదిహేనే పడ్డాయి. అక్షరక్రమంలో మొదట వచ్చే ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్కు ఐదూ బయట ఉండిపోయాయి. హెర్న్‌డన్, అతడి గురువులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ లెక్క తిరిగి చేస్తే సగటు 2.2 శాతం వచ్చింది.

న్యాయంగా చెప్పాలంటే ఆ తేడా అంతా ఎక్సెల్ గడి వల్ల వచ్చింది కాదు. కొన్ని సంవత్సరాల అంకెలు చేర్చకపోవడం, ఏ దేశానికి ఎంత బరువు ఇవ్వాలన్న పద్ధతి, ఇవే ఎక్కువ తేడా తెచ్చాయి. పద్ధతి మీద ఇరువైపులా వాదన ఉంది. రోగాఫ్, రైన్‌హార్ట్ గడి తప్పును వెంటనే ఒప్పుకున్నారు, తమ మూల వాదన మాత్రం నిలబడుతుందన్నారు. నా మటుకు నేను, ఒప్పుకోవడం మంచిదే, కాని అంకెను జెండాగా పట్టుకున్నవారిని ముందే గట్టిగా ఆపి ఉండవలసిందంటాను. చదరంగంలో ముట్టుకున్న పావు కదపాలి, తప్పు ఎత్తు వేసినవాడే ఓడతాడు. ఇక్కడ ఎత్తు వేసింది ఒకరు, పింఛను తగ్గింది ఇంకొకరికి. అయితే ఆ కథలో నాకు ఇష్టుడు హెర్న్‌డనే. పెద్దవారు రాశారు కదా, నాదే తప్పయి ఉంటుంది అని ఊరుకోలేదు. లెక్క అడుగులన్నీ రాసి చూపమని నేను పిల్లల్ని వేధించేదాన్ని. ఎందుకని అడిగినవారికి ఇప్పుడు ఈ కథ చెబుతాను.

2016లో ఆయన నగదు మీద ఒక పుస్తకం రాశారు. వంద డాలర్ల నోటు వంటి పెద్ద నోట్లు ఎక్కువగా పన్ను ఎగవేతకు, నేరాలకు పనికివస్తున్నాయి కనుక సంపన్న దేశాలు వాటిని చాలా ఏళ్ళ మీద మెల్లగా తీసివేయాలని వాదించారు. ఆ పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే, నవంబరు 8 రాత్రి, ఇండియాలో 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. అప్పుడు నేను తాతగారి ఊరు వెతుక్కుంటూ విజయనగరం వైపు తిరుగుతున్నాను. సంచిలో ఉన్నవన్నీ ఐదు వందల నోట్లే. ఒక టీ కొట్టు ముసలమ్మ, "డబ్బులు మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దువుగాని, తాగు తల్లీ" అని టీ ఇచ్చింది. ఆమె చేతిలోనూ ఆ రోజు చెల్లే డబ్బు లేదు. రోగాఫ్ పుస్తకం వల్లనే ఇదంతా అని కొందరు రాశారు. తాను చెప్పింది మెల్లగా, ఏళ్ళ తరబడి జరగవలసిన పని అని, అదీ ముఖ్యంగా సంపన్న దేశాలకని, ఒక్క రాత్రిలో చేయమనలేదని ఆయన వివరించవలసి వచ్చింది. పైగా ఇండియాలో అంతకన్న పెద్ద 2000 నోటు వచ్చింది. ఆయన వాదనకు అది సరిగ్గా ఎదురు. తాత చేతిలోని పది సెంట్ల బిళ్ళ నాకు ఆ టీ కొట్టు దగ్గర గుర్తొచ్చింది.

చదరంగం సంగతి ఏమైందంటారా? 2012లో న్యూయార్కులో, అప్పటికి ప్రపంచ రేటింగులో మొదటి స్థానంలో ఉన్న మాగ్నస్ కార్ల్‌సన్‌తో రోగాఫ్ ఒక బ్లిట్జ్ ఆట ఆడి డ్రా చేశారు. వయసు యాభై తొమ్మిది. ముప్ఫై ఏళ్ళకు పైగా పోటీలు వదిలిన మనిషి! లోపల ఎక్కడో గడియారం ఆగలేదన్నమాట.

2024 డిసెంబరులో ప్రపంచ రాపిడ్ పోటీ న్యూయార్కు వాల్ స్ట్రీటులోనే, ఒకప్పటి బాంకు భవనంలో జరిగింది. అక్కడ మహిళల కిరీటం రెండవసారి గెలిచింది గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి. ధనం వీధి నడిబొడ్డున తెలుగమ్మాయి చదరంగం గెలవడం చూసి హాలులో మేం చప్పట్లు కొట్టాం. ఆ రోజు నేను పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పాను. హంపి ఇండియా ప్రభుత్వ చమురు సంస్థ ఓ.ఎన్.జి.సి.లో ఉద్యోగి. ఆటగాళ్ళను ఉద్యోగంలో పెట్టుకుని ఆడనిచ్చే ఏర్పాటు అక్కడ ఉంది. 1971లో రోగాఫ్‌కు అలాంటి కుర్చీ ఒకటి ఉంటే ఆయన చదువుకు మళ్ళేవారో లేదో. ఇక్కడ మన పిల్లలకు ఈనాటికీ ఆ కుర్చీ లేదు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని ఆ తండ్రీకొడుకులకు ముందే చూపించాను. తండ్రి తెలుగులో చదివి, కొడుక్కి ఇంగ్లీషులో చెప్పాడు. "అంటే వెళ్ళమంటున్నారా, వద్దంటున్నారా టీచరమ్మగారూ?" అన్నాడు. ముందు రెండు వేసవులు వెళ్ళి ఆడి రానివ్వండి, అక్కడ తన పైన ఎంతమంది ఉన్నారో పట్టికలో తనే చూసుకుంటాడు, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం అన్నాను. తల్లి కూడా సరేనంది, ఖర్చు ఎంతవుతుందో కాగితం మీద రాసి చూపించమని కొడుకునే అడిగింది. పోయిన శుక్రవారం వాడు ఆ కాగితంతో పాటు బియెల్ ఆటలు కొన్ని ప్రింటు తీసుకుని హాలుకు వచ్చాడు. ఖర్చు లెక్కలో విమానం టిక్కెట్టు తిరుగు ప్రయాణం వేయడం మరిచాడు. అది దిద్ది, పావులు పేర్చి, మొదటి ఆట మొదలుపెట్టాం.